గిన్నె మీద గిటారు మోత

"ఆ గోలల నీకు ఒక్క ముక్కన్న సమజైతదా?"

జనగామలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే వెంకటనర్సయ్య సేటు, తన దగ్గర గిన్నెల మీద పేర్లు కొట్టే ప్రసన్నను ఒకరోజు అడిగిన ప్రశ్న ఇది. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. వాటిలోంచి బయటికి కారుతున్న చప్పుడు, తగరపు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతున్నట్టు సేటుకు వినిపిస్తోంది. ప్రసన్న మిషను ఆపింది. ఒక చెవి ఖాళీ చేసుకుంది. ప్రశ్న న్యాయమైనదే అన్నట్టు కాసేపు ఆలోచించి జవాబిచ్చింది.

"కాదు సేటు. సమజయ్యే మాటలు ఇంట్ల శానా వినవడ్తయి."

సేటు మళ్ళీ అడగలేదు. ఆయనకూ ఇల్లుంది.

పెళ్ళికో, కొత్త ఇంటికో, దినాలకో వచ్చినవాళ్ళ చేతిలో ఒక స్టీలు గిన్నె పెట్టి పంపడం ఈ జిల్లాల్లో రివాజు. ఉత్త గిన్నె ఇస్తే ఇచ్చినట్టు కాదు, మీద పేరుండాలి. పెళ్ళయితే పిల్లాపిల్లగాడి పేర్లు, చావైతే కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం. అందుకే ఇక్కడ ఏ ఇంటి వంటగది అరలు చూసినా ఆ ఇంటి చుట్టరికమంతా బోర్లించి ఉంటుంది. ఎప్పుడో పోయిన పెద్దమనిషి పేరు మీద ఈరోజు పచ్చిపులుసు ఉంటుంది, ఎవరూ ఉలిక్కిపడరు. పోయినవాళ్ళకు జరిగే మర్యాదల్లో ఇదే కాస్త నికరమైనదేమో. రోజూ తోముతారు.

ఆ పేర్లు కొట్టేది ప్రసన్న. ముప్పై ఆరేళ్ళ మనిషి. చర్చి వెనక సందులో పుట్టి పెరిగింది. పదో తరగతితో చదువు ఆగింది కానీ దస్తూరి ఆగలేదు. చర్చి నల్లబల్ల మీద వారం వారం వాక్యం రాసేది. బ్యాంకుకు పోతూ ఆ అక్షరాలు చూసిన సేటు, వాక్యం సంగతి అడగకుండా, రాసిందెవరని అడిగి తీసుకొచ్చి గల్లా పక్కన చిన్న బల్ల వేసి కూర్చోబెట్టాడు. చేతిలో పెన్ను లాంటి కరెంటు మిషను పెట్టాడు. దాని మొన అదురుతుంటుంది. స్టీలు మీద ఆనించి రాస్తే చుక్కలు చుక్కలుగా అక్షరం పడుతుంది, ర్ర్ర్ అని మోత వస్తుంది. మొదటి నెలంతా రాత్రిళ్ళు కూడా ఆ మోత తన పళ్ళల్లో వినిపించేదని చెబుతుంది. ఇప్పుడు ఆ మోత లేకపోతే తోచదు.

ఆమెకు రాక్ సంగీతం ఎలా అంటిందో చెబితే చాలామంది నమ్మరు. పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పట్లో పాటలు కావాలంటే మొబైల్ షాపుకు పోయి, ఇరవై రూపాయలిచ్చి, మెమొరీ కార్డులో ఎక్కించుకోవాలి. ప్రసన్న బస్టాండు ఎదురుగా ఉన్న షాపుకు పోయి యేసు పాటలు ఎక్కించమంది. షాపులోవాడు, ఎవరో హాస్టల్ విద్యార్థి తన కార్డులోంచి దింపిపోయిన పాటలను కంప్యూటర్లో చూసి, ఇంగ్లీషువి కనుక ఇవే అనుకుని ఎక్కించేశాడు. ఆమె రైలు గేటు దగ్గర ఆగి, గేటు తెరిచేలోపు ఒక పాట విందామని మీట నొక్కింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎవరో ఒక ఇనుప తలుపును చాలా దూరం నుంచి నేల మీద ఈడ్చుకొస్తున్నట్టు ఒక తీగ. అది దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. ఇక మీద పడుతుందనగా ఆగిపోయింది. అప్పుడు డ్రమ్ము పడింది. ప్రసన్న పక్కనున్న కల్వర్టు మీద కూర్చుంది. అదే సమయంలో కాజీపేట వైపు గూడ్సు పోతోంది. రైలు ఎక్కడ అయిపోయిందో, పాట ఎక్కడ మొదలైందో తేడా తెలియలేదు. కాసేపటికి రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది, వెనకున్న ఆటోలు హారన్లు కొట్టాయి, జనం కదిలారు. ఆమె కదల్లేదు. ఇంత పెద్దది తన చీర కొంగు ముడిలో పట్టే ఫోనులో ఎలా ఉందో ఆమెకు అంతుబట్టలేదు. ఇప్పటికీ అంతుబట్టలేదనే అంటుంది.

మర్నాడు షాపుకు పోయింది. ఫిర్యాదు చేయడానికి కాదు, వాటిలో మిగతావీ, పనిలో పనిగా యేసు పాటలూ ఎక్కించమని.

భర్త శ్యాం ఆటో నడుపుతాడు, మంచివాడు, భయస్తుడు. ఇంట్లో ఈ అరుపులు వినలేక ఫోను తీసుకుపోయి పాస్టరుగారికి వినిపించాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని అర నిమిషం విని, ఇవి మంచి ఆత్మ పాటలు కావు, తీసేయమన్నారు. ప్రసన్న గౌరవంగానే చెప్పింది, యేసు పాటలు కూడా అదే కార్డులో ఉన్నాయని, ఇన్నాళ్ళుగా రెండూ ఒక్కచోటే ఉన్నా ఎన్నడూ కొట్లాడుకోలేదని. పాస్టరుగారు నవ్వారు. దాంతో ఆ వివాదం ముగిసింది. ఇలాంటివి నిజానికి ఇలాగే ముగుస్తాయి, కథల్లోనే పెద్దవవుతాయి.

ఆ పాటలకు పేర్లు లేవు. కార్డులో ఒకటి, రెండు, మూడు అని అంకెలే ఉన్నాయి. అందుకని పేర్లు పెట్టడం వృత్తిగా ఉన్న మనిషి తానే పెట్టుకుంది. ఒకాయన 'బొగ్గు గొంతు'. ఒకాయన 'పంటి నొప్పి'. ఒక గుంపుకు 'అన్నదమ్ములు' అని పెట్టింది, అంత ఒద్దికగా ఒక్కచోట ఆగగలిగేది ఒక తల్లి పిల్లలే అయి ఉంటారని. వాళ్ళు అన్నదమ్ములు కారనీ, కోర్టుల దాకా పోయి విడిపోయారనీ తర్వాత ఎవరో చెప్పారు. ప్రసన్న ఒప్పుకోలేదు. కోర్టుకు పోయారంటే మరీ అన్నదమ్ములే అంది.

ఆమె అభిప్రాయాలన్నీ ఇలాగే ఉంటాయి. మిషను ఆగిన సందుల్లో, గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళు అడిగినా అడగకపోయినా చెబుతుంది. పాడేవాడు ఎందుకు అరుస్తాడు? కోపమొచ్చి కాదు, పక్కవాడు అంత గట్టిగా కొడుతుంటే వినపడాలి కదా. సినిమా పాట ఎందుకు నచ్చదు? పాట నడుస్తుండగానే అందరి కళ్ళు ఇంకెక్కడో ఉంటాయి, పాటను పనిమనిషిలా వాడుకుంటారు. పాటల్లో పలుచటివీ, మందమైనవీ ఉంటాయి. పలుచటి గిన్నె మీద మిషను పెడితే కీచుమంటుంది, అడుగు మందంగా ఉన్నదాని మీద పెడితే కడుపులోంచి మూలుగుతుంది. గిటారు కూడా అంతే. ఏ పాటనైనా మూడు నిమిషాలు విని, ఇది దినాల గిన్నె, ఇది పెళ్ళికూతురి సారె బిందె అని తేల్చేస్తుంది.

వీటిలో సగం తప్పులే. కొన్ని పాటల చివర చప్పుడు మెల్లమెల్లగా సన్నగిల్లి మాయమవుతుంది కదా, అది వాయించేవాళ్ళు వాయిస్తూనే గదిలోంచి నడిచి వెళ్ళిపోవడమని ఆమె నమ్మకం. "వాళ్ళు ఇంక కొడుతనే ఉన్నరు. మనకే వినవడ్తలేదు" అని ఒకసారి సేటుకు చెప్పింది. సేటు ఆ రోజు బిల్లు రాయడం ఆపి కాసేపు వీధిలోకి చూశాడు. స్మార్ట్‌ఫోను వచ్చాక వీడియోలు చూసి కొంత నష్టపోయింది. బొగ్గు గొంతాయన తీరా చూస్తే బక్కపలచగా, లంగా లాంటి ప్యాంటు వేసుకుని ఉన్నాడు. అప్పటి నుంచి ఫోనును బల్ల మీద బోర్లించే వింటుంది.

ఆమెకు రెండో పిచ్చి టీవీలో కామెడీ. దుకాణంలో కుక్కర్ల అర పైన టీవీ ఉంది. ఉదయం సేటు భక్తి చానల్. మధ్యాహ్నం ఆయన భోజనానికి పోగానే రిమోటు ప్రసన్నది. అప్పుడు స్కిట్లు వేసే షోల పాత భాగాలు మళ్ళీ వస్తుంటాయి. మిషను మోతలో మాటలు సరిగా వినపడవు కనుక, చాలా స్కిట్లు ఆమె ముఖాలు చూసే అర్థం చేసుకుంటుంది. మంచి కామెడీకి మాటలు వినపడనక్కర్లేదు అంటుంది. ఇది కూడా తప్పేమో, కానీ పూర్తిగా కాదు.

ఆ షోల జడ్జీలంటే ఆమెకు పడదు. కుర్చీలోంచి జారిపడి మరీ నవ్వుతారు, అదీ మాట పూర్తి కాకముందే. మగవాళ్ళు చీర కట్టుకుని వేసే ఆడవేషాలను అందరూ తిడతారు, ఆమె తిట్టదు. ఆ కుచ్చిళ్ళు చూస్తేనే నవ్వొస్తుంది, వాళ్ళ మాటలు దండగ అంటుంది. మన తెలంగాణ యాస సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం మిషను పక్కన పెడుతుంది. చిన్నప్పుడు సినిమాలో మన మాట వచ్చిందంటే తెర మీద దొంగో, రౌడీయో, అంట్లు తోమే మనిషో వచ్చినట్టే. హాలంతా నవ్వేది, ప్రసన్న వాళ్ళూ నవ్వేవాళ్ళు, ఎందుకో తెలియకుండానే. ఇప్పుడు స్కిట్లన్నీ ఆ యాసలోనే. ఇది గౌరవమని ఎవరో ఉపాధ్యాయుడు దుకాణంలో ఉపన్యాసమిస్తే ఆమె అడ్డుపడింది. "గౌరవం గాదు సార్. గిరాకి."

అన్నిటికంటే ఆమె ఎక్కువగా పట్టించుకునేది ఒకటుంది. మాట విసిరే ముందు మంచి కమెడియన్ కాస్త ఆగుతాడు. ఎంతసేపు ఆగాలో ఎక్కడా రాసి ఉండదు. తక్కువైతే నవ్వు పుట్టదు, ఎక్కువైతే చచ్చిపోతుంది. రైలు గేటు దగ్గర ఆ మొదటి పాటలో తీగ ఆగిందే, డ్రమ్ము పడే ముందు, అదీ ఇదీ ఒకటేనని ఆమె అనుమానం. అంతమంది ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఒక్కసారే ఎలా ఆగుతారని అడుగుతుంది. జవాబు కోసం కాదు.

పోయిన వేసవిలో, పెళ్ళిళ్ళ జోరులో, ఆ పొరపాటు జరిగింది.

పేర్లు కొట్టే పనికి ఒక పద్ధతుంది. మొదటి పదీ కన్ను రాస్తుంది. తర్వాత చెయ్యి నేర్చుకుంటుంది, ఇక అదే రాసుకుపోతుంది, కన్నుకు సెలవు. ఆ రోజు పొద్దున దేవరుప్పుల నుంచి దినాల గిన్నెలు వచ్చాయి. కీ.శే. యాకయ్య జ్ఞాపకార్థం. మధ్యాహ్నానికల్లా కొట్టి పంపేసింది. భోజనం చేసి, అదే సైజు గిన్నెల మీద పెళ్ళి పేర్లు మొదలుపెట్టింది. రక్షిత, క్రాంతి. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు రాజయ్య బిడ్డ పెళ్ళి. ఆయన భార్యది జనగామ దగ్గరి ఊరు కనుక సామానంతా ఇక్కడే తీసుకున్నారు. మొత్తం మూడు వందల గిన్నెలు. రెండు వందల దాకా బాగానే కొట్టింది. టీ తాగి వచ్చి ఒక కొత్త పాట పెట్టుకుంది. అది పావుగంట దాటినా అయిపోలేదు. అయిపోయిందనుకున్నచోట కింద నుంచి ఇంకొకటి లేచింది. అలల మాట పుస్తకాల్లో ఉంటుంది కానీ ఆమె సముద్రం చూడలేదు. వరి కోత మిషను మన గుండా పోయినట్టుంది అని చెప్పింది తర్వాత. ఆ పాటను మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. టీ విరామంలో రక్షిత, క్రాంతి పేర్లు మరిచిన చెయ్యి, పొద్దున నేర్చుకున్నదే పాపం రాసుకుపోయింది. మిగతా నూరు గిన్నెల మీదా యాకయ్యే.

గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి సంచులు కుడతారు. పైనున్న గిన్నె మీద పేరే కనిపిస్తుంది. చివర కొట్టినవి అడుగున పడ్డాయి, ప్రతి సంచిలోనూ పైన పెళ్ళి పేర్లే ఉన్నాయి. రాజయ్య చూసుకున్నాడు, మురిశాడు, బస్సు మీద వేయించుకుపోయాడు.

పెళ్ళి ముందు రోజు మధ్యాహ్నం, గిన్నెల్లో లడ్డూ, అరటిపండు పెట్టి సర్దుదామని సంచులు విప్పినప్పుడు ఫోను వచ్చింది. రాజయ్య తిట్టలేదు. ఫోటో పంపి, "గిది ఏంది సేటు?" అని మాత్రమే అడిగాడు. వెంకటనర్సయ్య ఫోటో చూసి, ఫోను ప్రసన్న ముందు పెట్టాడు. అదే సైజు గిన్నెలు దుకాణంలో ముప్పై మిగిలాయి. హైదరాబాదు నుంచి రావాలంటే రెండు రోజులు. స్టీలు మీద పడ్డ అక్షరం చెరగదు. దాని మీద తీగలూ పూలూ కొట్టి కప్పేయడం ఒక్కటే దారి.

సేటు గొంతు పెంచే మనిషి కాదు. ముప్పై గిన్నెలూ మిషనూ సంచిలో పెట్టించి, బస్సు కిరాయి చేతిలో పెట్టి చెప్పాడు.

"పొద్దుగాల్ల మొదటి బస్సుకు పో. గిన్నెలు వాపసొస్తే నువ్వు రాకు."

ప్రసన్నకు ఆ మాట బస్సు హన్మకొండ దాటాక పూర్తిగా ఎక్కింది. ఇంకో పని దొరకదని కాదు. బట్టల దుకాణంలో నిలబడొచ్చు, శ్యాం ఆటో ఉంది. కానీ ఆ బల్ల, ఆ మిషను, చెవుల్లో ఆ మోత, పైన టీవీ, అన్నీ ఒక్కచోట కలిసిన ఆ స్థలం ఇంకెక్కడా లేదు. అది పోతే ఆ పాటలు కూడా ఎక్కడ వినాలో తెలియదు. ఇంట్లో అందరూ ఉంటారు. పరకాల దాకా ఇయర్‌ఫోన్లు చేతిలోనే పట్టుకుని కూర్చుంది, పెట్టుకోలేదు.

భూపాలపల్లిలో కార్మికుల క్వార్టర్ల పక్క ఫంక్షన్ హాలు. ఆమె పోయేసరికి పెళ్ళికొడుకు వాళ్ళు దిగి టిఫిన్లు చేస్తున్నారు. ప్లగ్గు దొరకలేదు. ఉన్నవన్నీ మైకు సెట్టువాళ్ళకూ ఫోటోవాళ్ళకూ పోయాయి. వంటవాళ్ళ దగ్గర ఒకటి సంపాదించి, మూల నేల మీద కూర్చుని, యాకయ్య మీద తీగ అల్లడం మొదలుపెట్టింది. ముందు కొత్త ముప్పై మీద పేర్లు కొట్టుకుని ఉంటే సరిపోయేది. ఆత్రంలో తప్పుగా ఉన్నవాటినే ముందు పట్టుకుంది. పది గిన్నెలు కాకముందే, చేయి కడుక్కోవడానికి అటు వచ్చిన పెళ్ళికొడుకు మేనమామ రాజేందర్, ఇంకా పువ్వు పూయని గిన్నె ఒకటి తీసి చదివాడు.

రాజేందర్‌ది మానుకోట. మర్యాద గల మనిషే, కానీ మేనమామ. పెళ్ళిలో మేనమామకు కోపం రావాలని రాసి ఉంటుంది. పైగా లగ్నపత్రిక ఆలస్యంగా అందిందని అలిగి, మూడుసార్లు పోయి బతిమాలితే వచ్చాడు. గిన్నె పట్టుకుని హాలు మధ్యకు నడిచాడు. వెనకే ప్రసన్న, చేతిలో మిషను. వైరు నేల మీద ఈడ్చుకుంటూ వస్తోందని ఆమెకు తెలియదు. మైకువాడు పాట ఆపాడు. అపశకునం అనే మాట వెనక వరసలో పుట్టి ముందు వరసకు వచ్చింది. బుద్ధున్నవాళ్ళెవరూ నమ్మరు, అయినా ఆ మాట విన్నాక ఎవరూ కుదురుగా కూర్చోలేరు, అదీ దాని బలం. పెళ్ళి ఆగేది కాదు. కానీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. రాజయ్య నోరు తెరవబోయాడు. ప్రసన్న ముందుకు వచ్చింది.

"తప్పు నాదన్నా. పాట వినుకుంట కొట్టిన."

"ఏం పాట?" అన్నాడు రాజేందర్.

"పేరు తెల్వది."

"పాడినోడు ఎవడు?"

"ఆయన పేరు గూడ తెల్వది. ఇంగ్లీషాయన."

"ఏమని పాడిండు?"

ప్రసన్న నిజమే చెప్పింది. "సమజ్ కాలేదన్నా."

రాజేందర్ గిన్నెను అటూ ఇటూ తిప్పాడు. "అంటే పేరు తెల్వని పాట విని, మాకు పేరు తెల్వనోని పేరు మా పోరగాని పెండ్లి గిన్నెల మీద కొట్టినవ్."

హాలంతా ఆమె వైపు చూస్తోంది. రెండు వందల మంది ఒకేసారి నిశ్శబ్దంగా ఉండటం ప్రసన్న ఎన్నడూ వినలేదు. గిన్నెలు సంచులతో సహా వాపసు వస్తాయి, సేటు బల్ల తీయించేస్తాడు, అయిపోయిందనుకుంది.

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో రాజయ్య తల్లి పోచమ్మ ఉంది. ఎనభై దాటిన ముసలామె. ఒక చెవి వినపడదు, టీవీ చూడదు, చూసినా కనపడదు. గిన్నె తెమ్మని చెయ్యి చాపింది. రాజేందర్ ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు. అక్షరాల మీద బొటనవేలు పెట్టి తడిమింది, ధాన్యంలో రాయి వెతికినట్టు.

"ఎవలు బిడ్డా ఈ యాకయ్య?"

"దేవరుప్పులాయన అవ్వా. మొన్న పోయిండు" అంది ప్రసన్న.

"మనకేమైతడు?"

"ఏం గాడు."

పోచమ్మ తలాడించింది. ఒళ్ళో గిన్నె పెట్టుకుంది. అక్కడ ఆగింది.

ఎంతసేపు ఆగిందో ప్రసన్న ఇప్పటికీ చెప్పలేనంటుంది. గుర్తుంది మాత్రం ఇది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎవరి చేతిలోనో టీ గ్లాసు సగం దారిలో ఉంది, ముసలామె తొందరేమీ లేనట్టు పళ్ళెం లాంటి ముఖంతో రాజేందర్‌ను చూస్తోంది. ఇంకొంచెం ముందైతే చాలదు. ఇంకొంచెం దాటితే ఎవరో ఏదో అనేస్తారు. ఈ ఆగడం ప్రసన్నకు తెలుసు.

"మనోళ్ళు మూడుసార్లు పిలిస్తె ఒక్కసారొస్తరు" అంది పోచమ్మ. "ఈయన పిలువకున్నా, సచ్చిపోయి గూడ, నూరుసార్లొచ్చిండు. అన్నం పెట్టుండ్రి."

మొదట నవ్వింది రాజేందర్. నవ్వకూడదని చాలా గట్టిగా ప్రయత్నించి, ఓడిపోయి, ముక్కులోంచి నవ్వాడు. అక్కడి నుంచి అది అంటుకుంది. ముందు వరస నుంచి వెనక్కి పోయింది, గుమ్మం దాటి వంటశాలలోకి పోయింది. అక్కడ వినపడనివాళ్ళకు ఎవరో చెప్పారు, వాళ్ళు గంటెలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు మళ్ళీ హాల్లోకి తిరిగి వచ్చి, అప్పటికి తగ్గిపోతున్నవాళ్ళను రెండోసారి పట్టుకుంది. పెళ్ళికూతురు బొట్టు పెట్టించుకుంటూ నవ్వి, ఆ బొట్టు మళ్ళీ దిద్దించుకుంది. టీవీలో నవ్వు ఎక్కడ పుడుతుందో అక్కడే చస్తుంది. ఇది నడిచింది, ఊరు తిరిగినట్టు తిరిగింది. ప్రసన్న నవ్వలేదు. నోరు తెరుచుకుని నిలబడింది. రైలు గేటు దగ్గర కల్వర్టు మీద కూర్చున్నట్టే కూర్చోవాలనిపించింది. కానీ ఇక్కడ కూర్చోవడానికి చోటు లేదు. ఏ షో చూడని, ఏ పాట వినని మనిషి, ఇంతమందిని గాలిలో నిలబెట్టి, సరిగ్గా దించాల్సిన క్షణంలో దించింది. ఎవరు నేర్పారు? పోచమ్మ మాత్రం చుట్టూ అందరూ ఎందుకింత గోల చేస్తున్నారో అన్నట్టు విసుగ్గా చూస్తోంది.

ఎందుకంటే ఆమె ఆ చివరి మాట హాస్యానికి అనలేదు. తర్వాత నిజంగానే ఒక విస్తరిలో అన్నం, పప్పు, లడ్డూ పెట్టించి, యాకయ్యకని ప్రహరీ గోడ పక్కన పెట్టించింది. కాకి రాలేదు. కుక్క తినిపోయింది. ముసలామె దానికీ సంతృప్తి పడింది, తిన్నది ఎవరైతేనేం అంది.

ప్రసన్న తిరిగి మూలకు పోయి, కొత్త ముప్పై మీద పేర్లు కొట్టింది. యాకయ్య మీద ఇంకొన్ని పూలు పూయించింది. భోజనాలయ్యే వేళకు జనం వచ్చి యాకయ్య గిన్నె కావాలని అడగడం మొదలుపెట్టారు. పూలు కొట్టినవి ఒద్దట, ఉన్నది ఉన్నట్టు కావాలట. రాజేందర్ రెండు తీసుకుని, ఒకటి భార్య చేతికిచ్చి, పిలవని చుట్టాలింటికి పోయినప్పుడు ఇది పట్టుకుపోదామన్నాడు. మిషను సంచిలో పెడుతుండగా వచ్చి, ఆ పాట వినిపించమని అడిగాడు కూడా. రెండు నిమిషాలు విన్నాడు. మొహం చిట్లించాడు. "మంచిగనే ఉన్నది గని, ఎందుకట్ల ఏడుస్తుండు?" అన్నాడు. పక్కవాడు గట్టిగా కొడుతున్నాడని ప్రసన్న చెప్పింది. అదీ నిజమే అని ఒప్పుకున్నాడు.

పోయే ముందు ఆమె పోచమ్మ దగ్గరికి పోయింది. ఆ మాట అనే ముందు అంతసేపు ఎందుకు ఆగినవవ్వా అని అడిగింది. పోచమ్మ వినపడే చెవి ఇటు తిప్పి రెండోసారి చెప్పించుకుంది. ఆగిన సంగతే తనకు తెలియదంది. బస్సులో పరకాల దాకా, హన్మకొండ దాకా, ప్రసన్న పాట పెట్టుకోలేదు. పొద్దున పోయేటప్పుడు భయంతో పెట్టుకోలేదు. ఇప్పుడు దేనితోనో ఆమెకూ తెలియదు. పైన ఇంకో చప్పుడు పోస్తే ఆ నవ్వు చెడిపోతుందనిపించింది.

మర్నాడు దుకాణం తెరిచేసరికి సేటు సంచి విప్పి చూశాడు. మిషను ఉంది, గిన్నెలు లేవు. ఒక్కటీ వాపసు రాలేదు. జరిగిందంతా అడిగి చెప్పించుకున్నాడు. ముసలామె మాట దగ్గర ప్రసన్న ఆగింది, ఎంతసేపు ఆగాలో చూసుకుని మరీ చెప్పింది. సేటు నవ్వలేదు. ఆమె చెప్పడంలో అది రాలేదు, ఆ సంగతి ఆమెకే ముందు తెలిసింది. మళ్ళీ చెప్పబోయి మానేసింది.

"ఇగ నుంచి ఒక్క చెవికే పెట్టుకో" అన్నాడు సేటు. "ఇంకోటి దుకాణానికి ఉంచు."

బల్ల దక్కింది. ఒక్క చెవితో వింటే డ్రమ్ములు ఒకపక్కే పడుతున్నాయని ఫిర్యాదు చేస్తుంది కానీ, ఖాళీ చెవితో వచ్చిపోయేవాళ్ళ మాటలు వింటోంది. టీవీలో కామెడీ వస్తున్నా ఈ మధ్య చాలాసార్లు గుమ్మం వైపే చూస్తుంటుంది, బేరమాడే ముసలివాళ్ళను. ఎక్కడ ఆగుతారా అని.

రాజయ్య పెళ్ళి పేర్లున్న రెండు వందల ముప్పై గిన్నెలకు మాత్రమే డబ్బు కట్టాడు. తప్పు పేరుతో పోయిన నూరు గిన్నెల ఖరీదు ఆరు వేలు. సేటు దాన్ని ప్రసన్న జీతంలో నెలకు ఐదు వందల చొప్పున పట్టుకుంటున్నాడు. ఇంకా నాలుగు వేలు బాకీ ఉంది.